సాయంత్రం లేని ఆకలి

మా పెద్దమ్మను ఆ సందులో అందరూ బన్ను పెద్దమ్మ అనేవారు. బేకరీ నడుపుతుంది కనుక ఆ పేరు వచ్చిందని కొందరు, ఆమె ముఖమే బట్టీలోంచి అప్పుడే తీసిన బన్నులా గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది కనుక వచ్చిందని మరికొందరు వాదించుకునేవారు. ఆమె మాత్రం, "ఏదైతేనేం, ఎండురొట్టె అనలేదు, అదే పదివేలు" అనేది.

కింద బేకరీ, పైన ఇల్లు, ఆ పైన పిండి బస్తాలు పెట్టుకునే చిన్న గది. పెద్దనాన్న పిండి కలిపేవాడు. మాట్లాడితే పిండి పొంగదని ఆయనకేదో నమ్మకం. పని మొదలుపెడితే నోరు విప్పేవాడు కాదు. ఆ లోటంతా పెద్దమ్మ తీర్చేది. బట్టీ ముందు నిలబడి పొడవాటి చెక్క తెడ్డుతో రొట్టెలను లోపలికి తోస్తూ, బయటికి లాగుతూ, వచ్చిన ప్రతి మనిషి చేతా వాళ్ళింటి సంగతులన్నీ చెప్పించేది.

రంజాన్ నెల వచ్చిందంటే ఆమె వేరే మనిషి. తెల్లవారకముందే నాలుగు ముద్దలు తిని, నీళ్ళు తాగి, మనసులో రోజాకు సంకల్పం చెప్పుకునేది. అక్కణ్ణుంచి పొద్దు గుంకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆ మంట ముందే నిలబడేది. "పొట్టకొక్కదానికే రోజా అయితే, మేత వెయ్యని మేక కూడా రోజా ఉన్నట్టే. నాలుక్కి ఉండాలి, కంటికి ఉండాలి, చెవికి ఉండాలి" అనేది. నాలుకకు ఉపవాసం కనుక ఆ నెలంతా ఎవరి ఊసూ ఎత్తేది కాదు. దాంతో సందులో కబుర్లన్నీ ఆలస్యంగా చేరేవి. కొందరు ఆ విషయమై లోలోపల విసుక్కునేవారు కూడా.

చదువు కోసం నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. రంజాన్ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. పైకిటికీ గుండా వెలుగు ఏటవాలుగా దిగి, గాల్లో తేలే పిండి నలుసుల్ని పట్టుకుని నిలబడేది. రొట్టె వాసన గదంతా నిండి, గది కూడా పొంగుతోందేమో అనిపించేది. ఆ వెలుగులో పెద్దమ్మ పెదవులు ఎండిపోయి, కళ్ళు మాత్రం ఏదో చల్లని చోటును చూస్తున్నట్టు ఉండేవి.

"నీకు ఆకలెయ్యదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకెయ్యదే? మొదట అరుస్తుంది. నువ్వు పలక్కపోతే బతిమాలుతుంది. ఇక లాభంలేదనుకున్నాక అలిసిపోయి నీ పక్కనే కూర్చుంటుంది. అప్పుడు చూడాలి, ఒళ్ళు దూదిలా అయిపోతుంది. తెడ్డు నేను తిప్పుతున్నానా, ఎవరన్నా నాచేత తిప్పిస్తున్నారా తెలీదు. దేవుడు అంత దగ్గరగా నాకు ఇంకెప్పుడూ అనిపించడు."

దానం విషయంలోనూ ఆమెకొక పద్ధతి ఉండేది. ఏటా ఇవ్వవలసిన జకాత్ మసీదుకు పంపించేది. అది కాక, రంజాన్‌లో రోజూ పొద్దు వాలేవేళ మొదటి ట్రే రొట్టెలు పక్కగుమ్మం దగ్గరి అరుగు మీద పెట్టి, గుడ్డ కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వచ్చేసేది. తీసుకునేవాళ్ళ ముఖం చూస్తే వాళ్ళు తలదించుకోవాల్సి వస్తుందని ఆమె బాధ. ఇన్నేళ్ళలో ఆ రొట్టెలు ఎవరు తీసుకెళ్ళారో ఆమెకు తెలియదు. ఎవరు తీసుకోలేదో అంతకన్నా తెలియదు.

ఒక ఏడాది రంజాన్‌కు ముందు పెద్దమ్మకు షుగర్ బాగా ముదిరింది. డాక్టరమ్మ సూది మందు రాసి, "వేళకు తినాలి. ఉపవాసం మాట తలపెట్టకండి" అని గట్టిగా చెప్పింది. పెద్దమ్మ బుద్ధిమంతురాలిలా తలూపి వచ్చింది. నెలవంక కనిపించిన మర్నాడు ఎవరికీ చెప్పకుండా రోజా ఉండిపోయింది. మధ్యాహ్నానికి తెడ్డు చేతిలోంచి జారింది. ఆమె ట్రేలతో సహా నేలకూలింది. పెద్దనాన్న పిండి చేతులతోనే ఆమెను ఎత్తుకుని పరుగెత్తాడు. ఆయన అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు.

ఆమె కాస్త తేరుకున్నాక మసీదు ఇమాం గారు చూడటానికి వచ్చారు. పెద్దమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

"వాకిలి మూసేశారు నాకు" అంది.

"ఎవరమ్మా మూసింది? జబ్బుచేసినవాళ్ళను రోజా ఉండొద్దన్నది కూడా ఆ దేవుడే కదా" అన్నారు ఇమాం గారు. "ఉండమన్నప్పుడు ఉండటం ఎంత విధేయతో, వద్దన్నప్పుడు తినడమూ అంతే. నీ ఒళ్ళు నీకు అప్పగించిన సొమ్ము, తగలబెట్టడానికిచ్చింది కాదు. ఇక కోలుకునే ఆశ లేని జబ్బు కాబట్టి, తప్పిన ప్రతి రోజాకీ ఒక పేదవాడికి అన్నం పెట్టు. దాన్ని ఫిద్యా అంటారు. మసీదు వంటింటికి పంపితే మేం చూసుకుంటాం."

ఫిద్యా ఏర్పాటైతే వెంటనే చేసింది. తినడమే చేతకాలేదు. ఇంట్లో అందరం రోజా, బేకరీలో పనివాళ్ళు రోజా. వాళ్ళ ముందు నమలాలంటే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. చివరికి పళ్ళెం కొంగుచాటున పెట్టుకుని పిండి బస్తాల గదిలోకి ఎక్కేది. దొంగతనంగా తింటున్నట్టు ఒక బస్తా మీద కూర్చుని, నాలుగు మెతుకులు కతికి, మిగతాది అలాగే కిందికి తెచ్చేసేది.

ఆ గదికి ఒక కిటికీ ఉంది. ఎదురుగా, సందుకు అవతల, టైపు ఇన్‌స్టిట్యూట్.

ఆ ఇన్‌స్టిట్యూట్ టీచరమ్మకూ మా పెద్దమ్మకూ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. "మీ పిండి ఎగిరొచ్చి నా మిషన్ల గొంతులో పడుతోంది" అని ఆవిడ ఒకసారి మెట్లు దిగి వచ్చి అరిచింది. "మీ టకటకలకు నా పిండి పొంగడం మానేసింది" అని ఈవిడ బదులిచ్చింది. ఇద్దరూ ఉప్పూ నిప్పూ అయ్యారు. ఆ తర్వాత కాలం మారింది. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గి, తగ్గి, ఆగిపోయారు. మిషన్లన్నీ ముసుగులేసుకుని బెంచీల మీద నిద్రపోతున్నాయి. టీచరమ్మ మాత్రం రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని, తాళం తీసి, బల్ల దగ్గర కూర్చునేది.

పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. మధ్యాహ్నం టీచరమ్మ గ్లాసుడు నీళ్ళు తాగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఒక మిషన్ ముసుగు తీసి, కాగితం లేకుండానే టైపు కొట్టడం మొదలుపెట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అన్నం గిన్నె లేదు, పొట్లం లేదు, పొయ్యి వెలిగించిన జాడ లేదు. కాసేపు కొట్టాక చేతులు మిషన్ మీదే ఆగిపోయేవి. తల కొద్దిగా వాలేది. కళ్ళు ఎటో చూసేవి. ఆ చూపు పెద్దమ్మకు బాగా తెలుసు. అద్దంలో ఎన్నో రంజాన్‌లు చూసింది.

ఆ రోజు కిందకు దిగి వచ్చి, "ఆవిడ పస్తులుంటోంది" అంది పెద్దనాన్నతో. ఆయన పిండి పిసకడం ఆపాడు.

"అరుగు మీద రొట్టెలు పెడుతున్నాం కదా" అన్నాను నేను.

"ఆవిడ చచ్చినా అక్కడ చెయ్యి చాపదే. నేను ముఖం తిప్పుకుని పెట్టాను. ఎదురింటి మనిషి ఆకలి కనిపించకుండా కూడా తిప్పుకున్నానన్నమాట."

పనివాడితో వేడి రొట్టెలు పంపించింది. అవి తిరిగొచ్చాయి. "అడ్రసు తప్పింది, నేను రొట్టెలు తెమ్మనలేదు" అన్నదట టీచరమ్మ. పెద్దమ్మ ఇమాం గారి దగ్గరకు వెళ్ళి, "ఆవిడ మనవాళ్ళు కాదు, పైగా నేనంటే పడదు. నా ఫిద్యా ఆవిడకు పెట్టొచ్చా?" అని అడిగింది.

ఆయన ఆమెను కూర్చోమన్నారు. "ఫిద్యా సంగతి మసీదు చూసుకుంటోంది, దాన్ని కదపకు. ఇది వేరు. పొరుగువాళ్ళు పస్తుంటే తాను కడుపునిండా తిన్నవాడు మనవాడే కాదని పెద్దలు చెబుతారు. వాళ్ళు ఏ మతం అని అందులో లేదు. ఇది నువ్విచ్చే దానం కూడా కాదమ్మా. నీ దగ్గరున్న ఆవిడ వాటా."

"తీసుకోదండీ ఆవిడ."

"అయితే ఇవ్వకు. ఏదన్నా అడుగు."

ఆ మాట పట్టుకుని పెద్దమ్మ ఆ పూటంతా ఆలోచించింది. మర్నాడు ఎండ నెత్తికెక్కాక రెండు పళ్ళేలు, రొట్టెలు, కూరగాయల పులుసు గిన్నె ఒక గంపలో పెట్టుకుని సందు దాటింది. గంప మోయడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. ఇన్‌స్టిట్యూట్ మెట్లు చీకటిగా, చల్లగా ఉన్నాయి. పై నుంచి టకటక చప్పుడు వానచినుకుల్లా దిగి వస్తోంది. మేం గుమ్మంలో నిలబడగానే ఆగిపోయింది.

"మిషన్లు ఇప్పుడే శుభ్రం చేసుకున్నాను. మళ్ళీ పిండి తెచ్చారా?" అంది టీచరమ్మ.

"టీచరమ్మా, నాకో సాయం కావాలి" అంది పెద్దమ్మ. "నాకు షుగర్. రోజా ఉండొద్దన్నారు, వేళకు తినమన్నారు. మా ఇంట్లో అందరూ ఉపవాసం. వాళ్ళ ముందు తినలేను, దొంగలా ఒక్కదాన్నీ తినలేను. ముద్ద దిగటంలేదు. ఈ సందులో పట్టపగలు నాతో కూర్చుని తినగలిగిన మనిషి మీరొక్కరే కనిపించారు."

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆమె రోజా లేకపోయినా నాలుకకు ఉపవాసం విడవలేదు.

టీచరమ్మ చాలాసేపు పెద్దమ్మ ముఖంలోకి చూసింది. గంపలోకి చూడలేదు. తర్వాత లేచి, ఒక మిషన్‌ను పక్కకు జరిపి, బల్ల తుడిచింది.

"జబ్బు మనిషిని నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదు. కూర్చోండి" అంది.

ఆవిడ రొట్టెను చిన్నచిన్న తునకలుగా తుంచి, ఏ తొందరా లేనట్టు తింది. పళ్ళెంలో మాత్రం ఒక్క నలుసు కూడా మిగల్చలేదు. పెద్దమ్మ తన పళ్ళెంలోకే చూస్తూ, ఆ నెలలో మొదటిసారి కడుపునిండా తింది. ఎండ కిటికీలోంచి వచ్చి ముసుగుల మీద పడుకుంది. నాకు కడుపు నకనకలాడుతోంది. అయినా ఆ గదిలో అందరికంటే నేనే తృప్తిగా ఉన్నానేమో అనిపించింది.

అలా రోజూ వెళ్ళేవాళ్ళం. కొన్నాళ్ళకు మాటలు మొదలయ్యాయి. ఒకరోజు టీచరమ్మ, "ఇంతకీ ఎందుకండీ ఈ ఉపవాసం? ఆకలి తెలియాలనా?" అని అడిగింది.

పెద్దమ్మ నాకు చెప్పినట్టే చెప్పింది. అరిచే ఆకలి, బతిమాలే ఆకలి, పక్కన కూర్చునే ఆకలి. ఒళ్ళు దూదిలా కావడం, దేవుడు దగ్గరవడం.

టీచరమ్మ వింటూ తలూపింది. "దూదిలా కావడం నాకూ తెలుసు" అంది మెల్లగా. "కానీ పెద్దమ్మా, మీ ఆకలికి సాయంత్రం ఉంది. పొద్దు గుంకగానే ఖర్జూరం ఉంటుందని మీ ఒంటికి తెలుసు. అందుకే అది పక్కన కూర్చుంటుంది. నాదానికి సాయంత్రం లేదు. అది కూర్చోదు. అరుస్తూనే ఉంటుంది."

పెద్దమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆవిడ తన ఆకలి సంగతి నోరు తెరిచి చెప్పడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. పెద్దమ్మ తన పళ్ళెంలోని రొట్టె తీసి ఆవిడ పళ్ళెంలో వేసింది. ఆవిడ వద్దనలేదు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ పొద్దుగూకేదాకా నమాజు చాప మీదే కూర్చుంది. "ఇన్నేళ్ళు చేసిన రోజాలు నాకు దేవుణ్ణి చూపించాయనుకున్నానే" అంది నాతో. "సగమే చూపించాయి. మిగతా సగం ఎదురింటి మెట్లెక్కితే గానీ తెలీలేదు."

పండుగ వెళ్ళిపోయింది. పెద్దమ్మ సందు దాటడం మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ చెప్పిన వేళలు పన్నెండు నెలలకీ వర్తిస్తాయి కదా అనేది. టీచరమ్మ ఊరికే ఉండే మనిషి కాదు. మిషన్లలో కొన్నిటిని మూలకు సర్దించి, సందులోని పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. పెద్దమ్మకు టైపు నేర్పాలని కూడా చూసింది. "తెడ్డు పట్టిన వేళ్ళండీ, అక్షరాలు చితికిపోతాయి" అని పెద్దమ్మ తప్పించుకుంది.

మరుసటి రంజాన్‌కు ఒక తమాషా జరిగింది. బేకరీకి కట్టెలు దింపే మనిషి కోడలు నిండు గర్భిణి. ఉపవాసం లేదు, ఇంట్లో అత్త ముందు తినడానికి సిగ్గు. పెద్దమ్మ ఆమెను వెంటబెట్టుకుని టైపు గదికి తీసుకెళ్ళింది. తర్వాత గుండెజబ్బు ముసలాయన ఒకరు వచ్చారు. ప్రయాణంలో ఉన్న లారీ డ్రైవరు ఒకరు వచ్చారు. వాళ్ళ వెనకాలే, ఏ జబ్బూ ప్రయాణమూ లేకుండా ఇంట్లో పొయ్యి వెలగని వాళ్ళూ ఒకరిద్దరు మెట్లెక్కారు. పులుసు గిన్నె పెద్దదైంది. పెద్దనాన్న నోరు మెదపకుండా ఇంకో ముద్ద పిండి కలిపాడు. పక్కగుమ్మం అరుగు మీద రొట్టెలు ఎప్పటిలానే ఉండేవి, కానీ అవి ఖాళీ అవడం తగ్గింది.

గుమ్మం దగ్గర ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. మందు కోసం తినేవాడెవరో, ఇంట్లో గింజ లేక తినేవాడెవరో ఆ గదిలో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకాయన, "నాకు జబ్బేం లేదండీ, మరి నేను..." అని నసిగాడు. టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "చెయ్యి కడుక్కున్నారా?" అంది. అంతే.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మళ్ళీ ఒక్క రోజా కూడా ఉండలేకపోయింది. ఆ బాధ ఆమెకు పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. రంజాన్ తెల్లవారుజామున మేం లేచినప్పుడు తనూ లేచి, మాకు వడ్డించి, మేం సంకల్పం చెప్పుకుంటుంటే పెదవులు కదిపేది. ఏం కోరుకునేదో తెలియదు. మధ్యాహ్నం మాత్రం గంప సర్దుకుని, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని, సందు దాటి ఆ చల్లని మెట్లెక్కేది.