ఎడమ స్పీకర్

హోం థియేటర్లు బిగించే రోజుల్లో నాకు నా చెవుల మీద ఉన్న నమ్మకం మరెవరి మీదా ఉండేది కాదు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్లకు, స్పీకర్లను నడిపే రిసీవర్‌తో పాటు పెట్టెలో చిన్న మైకు ఒకటి రావడం మొదలైంది. సోఫాలో మనిషి తల ఉండేచోట దాన్ని నిలబెడితే చాలు. రిసీవర్ ఒక్కో స్పీకర్‌లోంచి శబ్దం పంపి, గది దేన్ని మింగేస్తోందో, దేన్ని పెంచేస్తోందో కొలుచుకుని తనంతట తానే సరిదిద్దుకునేది.

దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను బేస్ పలికించే సబ్‌వూఫర్‌ని సోఫా మీద కూర్చోబెట్టి, గదంతా మోకాళ్ల మీద పాకి, బేస్ ఎక్కడ నిండుగా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చేవాణ్ని. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. మిగతా స్పీకర్ల మోత ఎక్కడ ఆగిందో, సబ్‌వూఫర్ ఎక్కడ అందుకుందో తెలియకుండా కలపడమే నా పనితనం.

ఒక మధ్యాహ్నం జహనుమాలో పని పడింది. ఇంటాయనకు బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. ఆయన ముచ్చటపడ్డారని మైకు పెట్టి కొలిచాను. ఎడమ, కుడి సమానమని తెర మీద వచ్చింది. పాట పెట్టి విన్నాను. ఎడమది నీరసంగా ఉంది. మైకును తిట్టుకుంటూ ఎడమ స్పీకర్‌ని ఆరు డెసిబెల్స్ పెంచాను. పాడేవాడి గొంతు నడిమధ్యకు వచ్చింది.

ఆయన నా చోట్లో కూర్చున్నారు. "భాయ్, పాడేటోడు గా కిటికీ కాడికి పోయిండేంది?"

కిటికీ ఎడమవైపు ఉంది.

"లేదు సాబ్, నడుమనే ఉన్నడు. చెవి అలవాటు గావాలె" అన్నాను.

ఆయన తల్లిని పిలిచి కూర్చోబెట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని విని, కిటికీ వైపే వేలు చూపించింది.

పెంచింది తగ్గించేశాను. వైరు వెతుకుతున్నట్టు నటిస్తూ, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు కుడి స్పీకర్ నీరసపడింది. నేను ఎటు తిరిగితే లోపం నా ఎడమచెవితో పాటు అటు తిరుగుతోంది. బేస్ మాత్రం ఎప్పట్లాగే ఉంది. బేస్‌ని సగం ఛాతీతోనే వింటాం, అందుకే ఇన్నాళ్లూ నాకు తెలిసిరాలేదు.

"ఏమైంది భాయ్, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు సాబ్. మైకు చెప్పిందే కరెక్ట్."

"మషీన్ మస్తున్నదన్నట్టు" అని ఆయన సంతోషపడ్డారు.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఇంటికి పోలేకపోయాను. ఎన్ని ఇళ్లల్లో ఎడమ స్పీకర్ పెంచి వచ్చానో లెక్క తెలియదు. ఈ పని తప్ప నాకు ఇంకో పని రాదు. మర్నాడు ఇంకో ఇంటికి వస్తానని మాటిచ్చి ఉన్నాను. ఫుట్‌పాత్ మీద నిలబడి, కుడిచెవిలో వేలు పెట్టుకున్నాను. బస్సుల గుడగుడ వినిపించింది. కూడలిలో ట్రాఫిక్ పోలీసు నోట్లో విజిల్ పెట్టుకుని బుగ్గలు ఉబ్బిస్తున్నాడు. ఆటోలు ఆగుతున్నాయి. వేలు తీస్తే ఆ విజిల్ వినిపిస్తుందేమోనని భయమేసి, చాలాసేపు అలాగే నిలబడిపోయాను.