గీత కింద మూడోది

మా టెస్టింగ్ సార్ పోయారని పాత టీం గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి నేను గచ్చిబౌలి వెళ్లే ఆఫీసు బస్సులో ఉన్నాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన వెంటనే సిగ్గేసింది. ఆయనకు నేను చెప్పాల్సింది అది కాదు.

మీకు ఆయన తెలిసి ఉండరు. ఇళ్ల ప్లాన్లు గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ మాది. మెనూలు ఎలా ఉండాలో చూసుకునే పని నాది, అవి పనికొస్తాయో లేదో తేల్చే పని ఆయనది. ఒక్కో మెనూలో నలభై దాకా ఆప్షన్లుండేవి. సార్ వాటిని వారంపాటు వాడి, ఆ తర్వాత కళ్లు మూసుకుని మౌస్ కదిపేవారు. అనుకున్న చోట ఆగితేనే పాస్.

"చెయ్యికి జాగ యాదుంటది బిడ్డా, అది మార్చకు," అనేవారు. పొడుగాటి మెనూ చూసి నేను తల పట్టుకుంటే, ఒక తీరువన్నీ ఒకచోట చేర్పించి మధ్యన సన్నటి గీతలు పెట్టించేవారు. "గీతలుంటే నలభై ఉన్నా కన్ను బెదరది."

నాకేమో తెలివైన మెనూ కావాలి. ఎక్కువ వాడేవి పైకి రావాలి, వాడనివి వాటంతటవే మాయమైపోవాలి. మీటింగులో ఆయన ఒక్కటే అడిగారు.

"ఫైలు పాత కాపీ తిరిగి తెచ్చేది గూడ దాస్తవా?"

"అది ఎవరూ వాడట్లేదు కదండి."

"రోజు వాడరు. అవసరం పడ్డనాడు పరేషాన్ల ఉంటరు. అప్పుడు యాడ దేవులాడుతరు?"

"మీలాగా కళ్లు మూసుకుని వెతుక్కుంటారు లెండి," అన్నాను. అందరూ నవ్వారు. సార్ కూడా కొంచెం నవ్వి, పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత నా మెనూల ఊసెత్తలేదు. ఆ ఏడాదే రిటైరయ్యారు.

నా మెనూ జనంలోకి వెళ్లిన కొన్నాళ్లకు నిజాంపేట నుంచి ప్లాన్లు గీసే ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఫైలు పాడైందట. పాత కాపీ తెచ్చే ఆప్షన్ ఎక్కడా కనబడక, మూడు వారాల పని మళ్లీ మొదటి నుంచి గీస్తోందట. అది ఉందని, దాచింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాతి వెర్షన్‌లో అన్నిటినీ గీతలతో సహా పాత చోట్లకే తెచ్చిపెట్టాను. పాత కాపీ తెచ్చేది మళ్లీ గీత కింద మూడోది అయింది. మేనేజర్ మెచ్చుకుంటే, అది సార్ చెప్పిన మాటేనని అనకుండా ఊరుకున్నాను. సార్‌కి ఫోన్ చేయాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చేయను? రేపు, ఎల్లుండి అంటూ ఏడాది గడిపేశాను.

ఆదివారం మియాపూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. పేరు చెప్పగానే ఆంటీ గుర్తుపట్టారు.

"మెనూల పిల్లవు నువ్వేనా? కొత్తది వచ్చిందని ఇంట్ల కంప్యూటర్ల ఏసుకున్నడు. కండ్లు మూసుకొని జరిపిండు. గీత కింద మూడోది, జాగలనే ఉన్నదని నన్ను పిలిచి చూపెట్టిండు. ఇగ ఆ పిల్ల ఫోన్ చేస్తది చూడన్నడు. తానానికి వొయినా ఫోన్ నా చేతుల పెట్టి పోతుండె."

"చేయలేదండి," అన్నాను.

"పనులుంటయ్ గద బిడ్డా."

పనులేమీ లేవు. సిగ్గు అడ్డొచ్చింది, అంతే. ఆ మాట ఆమెకూ చెప్పలేకపోయాను.

మర్నాడు ఆఫీసులో మెనూ తెరిచి కళ్లు మూసుకున్నాను. గీత కింద మూడోది. చెయ్యి తనంతట తానే వెళ్లి అక్కడ ఆగింది. కళ్లు తెరవడానికే చాలాసేపు పట్టింది.