వన్ బై థర్టీ టూ బిర్యానీ

ఆరుగురికి వండిన చికెన్ బిర్యానీ ఒక్కడు తింటే ఎన్ని పూటలు వస్తుందో మీకు తెలుసా? నాకు తెలుసు! ఆదివారం మధ్యాహ్నం తిన్నాను, రాత్రి తిన్నాను, సోమవారం పొద్దున టిఫిన్‌కి కూడా అదే తిన్నాను. దీనంతటికీ కారణం ప్రాబబిలిటీ. నవ్వకండి, టీ చల్లారకముందే మొత్తం చెప్పేస్తాను.

నేను ఉదయగిరిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను కదా. మా కాలేజీలో మిగతా లెక్చరర్లు ఐదుగురివీ ఆత్మకూరులో కాపురాలు. పొద్దున బస్సు దిగుతారు, సాయంత్రం బెల్లు కొట్టీ కొట్టకముందే బ్యాగులు తగిలించుకుని బస్టాండుకి పరుగెత్తుతారు. ఊళ్లో మిగిలేది నేనొక్కడినే. పెళ్లి కాలేదు, ఊరు కొత్త. గది తాళం తీస్తాను, ఫ్యాన్ వేస్తాను, కిటికీలోంచి కాసేపు కొండ మీద కోట గోడ చూస్తాను. తర్వాత కుక్కర్ పెడతాను. అది విజిల్ వేస్తే "ఆ, వస్తున్నా" అంటాను. ఇంటికొచ్చాక నేను మాట్లాడే మాట అదొక్కటే! ఇలాగే ఉంటే కుక్కర్‌కి పేరు కూడా పెడతానేమోనని ఒకరోజు నిజంగానే భయమేసింది. నా ఇంట్లో ఒక్కసారైనా నలుగురు కూర్చుని తింటూ, గట్టిగా నవ్వుతుంటే చూడాలనిపించింది.

అందుకని ఐదుగురినీ ఆదివారం భోజనానికి పిలిచాను. మా వైపు సంగతి తెలుసుగా, భోజనానికి పిలిస్తే వస్తామనీ చెప్పరు, రామనీ చెప్పరు. "చూద్దాంలే సార్" అంటారు. ఐదుగురూ అదే అన్నారు. ఫిజిక్స్ పెంచలయ్య సార్ మాత్రం "చూద్దాంలే సార్... చికెనా, మటనా?" అని అడిగాడు.

ఆ శుక్రవారం సీనియర్ ఇంటర్‌లో ప్రాబబిలిటీ క్లాసు. ఎప్పుడూ నాణేలూ పాచికలేనా, పిల్లలకి బోరు కొట్టదూ? ఈసారి మా విందునే ఎగ్జాంపుల్‌గా తీసుకున్నాను.

"పెంచలయ్య సార్ రావచ్చు, రాకపోవచ్చు. వచ్చే ప్రాబబిలిటీ ఎంత?"

"హాఫ్ సార్!"

"బిర్యానీ అని చెప్పినారు కదా సార్, మూడు బై నాలుగు వేసుకోండి!" అని వెనక బెంచీ నుంచి ఒకడు.

హాఫే అని తేల్చాను. ఇంగ్లీష్ సుజాత మేడంకీ హాఫే. మరి ఇద్దరూ వచ్చే ప్రాబబిలిటీ? హాఫ్‌ని హాఫ్‌తో గుణించాలి, వన్ బై ఫోర్. ఇదే కాంపౌండ్ ప్రాబబిలిటీ, రాసుకోండి అన్నాను. ఇక అసలు ప్రశ్న: ఐదుగురిలో ఒక్కరు కూడా రాకపోయే ప్రాబబిలిటీ ఎంత? హాఫ్‌ని ఐదుసార్లు గుణించి, బోర్డు మీద వన్ బై థర్టీ టూ అని రాసి చుట్టూ డబ్బా గీశాను. అంటే కనీసం ఒక్కరైనా వచ్చే ప్రాబబిలిటీ థర్టీ వన్ బై థర్టీ టూ! సుద్దముక్క పక్కన పడేసి చేతులు దులుపుకున్నాను. లోపల ఎంత ధైర్యం వచ్చిందనుకున్నారు! ఒక్కరైనా వస్తే చాలు నాకు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. బిర్యానీ ఎలా చెయ్యాలో కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరు మస్తాన్‌బీ ముందురోజే చెప్పి, కలువాయిలో పెళ్లికని ఇంటిల్లిపాదినీ తీసుకుని పోయింది. ఉదయగిరి చెక్క స్పూన్లకి పేరు కదా, కొత్తవి ఆరు కొన్నాను. చాప పరిచాను, ఎత్తి మళ్లీ పరిచాను. పన్నెండైంది. ఒంటిగంటైంది. మా ఇంట్లో సిగ్నల్ రాదు, మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడాలి. అక్కడ ఎండలో మాడుతుంటే పెంచలయ్య సార్ ఫోను.

"సార్, బస్సు టైరు పంక్చరైంది! స్టెప్నీ కూడా లేదంట. గంటన్నరగా రోడ్డు మీదే ఉండాం. ఎదురు బస్సు వస్తా ఉంది, ఇంక వెనక్కి పోతాం సార్."

"మీరొక్కరేనా సార్? మిగతావాళ్లు?"

"అందరం ఇక్కడే ఉండాం సార్, ఐదుగురం! పొద్దున వచ్చేది ఒకటే బస్సు గదా!"

ఫోను జేబులో వేసుకుంటుంటే అప్పుడు వెలిగింది నాకు. రోజూ ఐదుగురూ ఒకే బస్సు దిగడం చూస్తూనే ఉన్నాను, అయినా హాఫ్‌ని ఐదుసార్లు గుణించాను! కిందికి దిగి ఆరు ప్లేట్లలో ఐదు లోపల పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కూడా అయిపోయాయి, ఆ వంక కూడా లేదు.

సోమవారం క్లాసులోకి అడుగుపెట్టగానే "సార్, ఎంతమంది వచ్చినారు?" అని కోరస్. సున్నా అన్నాను. "వన్ బై థర్టీ టూ కొట్టేసినారు సార్!" అని చప్పట్లు! ఇక దాచి ఏం లాభం, బోర్డు మీద నా లెక్క నేనే కొట్టేసి మళ్లీ చెప్పాను. ఒకరు రావడానికీ ఇంకొకరు రావడానికీ సంబంధం లేనప్పుడే గుణించాలి. దాన్నే ఇండిపెండెంట్ అంటారు. ఒకే బస్సులో వచ్చేవాళ్లు ఐదు ఈవెంట్లు కాదురా, ఒకటే ఈవెంట్. బస్సు ఆగితే అందరూ ఆగినట్టే. ఆ పాఠం పిల్లలకి ఎంత బాగా ఎక్కిందంటే, ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

అయినా పాపం, ఐదుగురూ నా కోసం బయల్దేరారు కదా! వారమంతా అదే తలుచుకున్నాను. మళ్లీ ఆదివారం వచ్చేసరికి గదిలో ఉండలేకపోయాను. వాళ్లు రాలేకపోతేనేం, నేనే పోతాను, చెప్పకుండా పోయి సర్‌ప్రైజ్ ఇస్తాను అనుకున్నాను. తాళం వేసి ఆత్మకూరు బస్సెక్కాను. ఈసారి టైర్లన్నీ బాగానే ఉన్నాయి, ఎక్కేముందు చూసుకున్నాను. ఆ ధీమాతో దారంతా నిద్రపోయాను, ఎదురు ఏ బస్సు వచ్చిందో కూడా చూడలేదు.

పెంచలయ్య సార్ ఇంటి తలుపు కొడితే ఆయన భార్య తీసింది. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో సార్! ఆయన మీ ఇంటికే కదా పోయినాడు! అందరూ కలిసి పోయినారు, మీకు సర్‌ప్రైజ్ అంట!"

ఫోన్ చేస్తే కలవదు. కలవదు కదా, మా ఇంటి ముందు నిలబడ్డారంటే సిగ్నలేది! ఆమె ఇచ్చిన కాఫీ నోరు కాలేలా తాగేసి బస్టాండుకి పరుగెత్తాను.

సగం దారిలో ఎదురుగా ఉదయగిరి నుంచి బస్సు వచ్చింది. మా వైపు డ్రైవర్లకి ఒక అలవాటు. ఎదురుపడితే బస్సులు పక్కపక్కన ఆపి రెండు మాటలు మాట్లాడుకుంటారు. అలాగే ఆపారు. నా కిటికీకి సరిగ్గా ఎదురు కిటికీలో పెంచలయ్య సార్!

"ఏంది సార్, మీరు ఈడ ఉండారు?"

"మీ ఇంటికి పోయి వస్తున్నా సార్!"

"మేం మీ ఇంటికి పోయి వస్తా ఉండాం!"

రెండు బస్సులూ ఘొల్లున నవ్వాయి. "భోంచేశారా?" అని అరిచాను. "మస్తాన్‌బీ పెట్టింది సార్, వదల్లేదు! మీరు?" "కాఫీ తాగాను!" సుజాత మేడం వెనక కిటికీలోంచి మలై కాజాల డబ్బా చాచింది. నేను నడుము దాకా బయటికి వంగి అందుకున్నాను. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సులు కదిలాయి. అంతే, నా విందు అయిపోయింది.

ఇంటికి చేరేసరికి మస్తాన్‌బీ గుమ్మంలోనే ఉంది.

"భలే మనుషులు సారూ మీవోళ్లు! నవ్వలేక సచ్చినాం. మీరొక్కరే లేరు."

"వచ్చేముందు ఒక్క మాట చెప్పి ఉంటే ఉండేవాణ్ణి కదమ్మా!"

"నేనూ అదే అడిగినా సారూ. పాపం ఆయనకి ఈ ఊళ్లో ఎవురుండారు, ఆదివారం పూట ఆయనెక్కడికి పోతాడు, గ్యారంటీగా ఇంట్లోనే ఉంటాడు అనుకుని వచ్చేసినారంట."

మెట్లెక్కి గదిలోకి వచ్చి, కాజా ఒకటి నోట్లో వేసుకుని కూర్చున్నాను. తప్పకుండా జరిగేదానికి ప్రాబబిలిటీ ఒకటి, అంతకు మించి లేదని మొదటి క్లాసులోనే చెబుతాం. నేను ఆదివారం ఇంట్లో ఒంటరిగా ఉండటానికి ఐదుగురు లెక్చరర్లు కలిసి వేసిన విలువ ఒకటి! తప్పని కూడా అనలేను. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఆ ఒకటిని నిలబెడుతూనే వచ్చాను. మనుషులొచ్చి తలుపు తట్టిన ఒకే ఒక్క ఆదివారం మాత్రం, తలుపుకి తాళం వేసి, వాళ్లని వెతుక్కుంటూ ఆత్మకూరు పోయాను!