ఉప్పు చూసే పిల్ల

మొన్న ఆదివారం పొద్దున పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా మా పుట్టింటి పేట లింబాయత్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. పప్పు దించమని మా ఆయనకు చెప్పి, మేముండే అమ్రోలిలో ఆటో ఎక్కాను.

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆమె మాకు చుట్టమేమీ కాదు. మా గల్లీలో ఎదురింటావిడ. మా నాన్నా, వాళ్లాయనా ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. ఆమె ఇంట్లో కూర్చుని, కొత్త చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. నా చిన్నతనంలో నా చేత అన్నం తినిపించిన మనిషి అంటే మీకు అదేం పెద్ద సంగతి అనిపించవచ్చు. మా అమ్మనడగండి, చెబుతుంది.

నేనంత మొండిఘటాన్ని. వంకాయ జారుతుందని వద్దు, ఆకుకూర పచ్చగా ఉందని వద్దు, పప్పులో ఉల్లిపాయ కనబడితే ఆ కంచమే వద్దు. ఛాయ్‌లో ఖారీ బిస్కెట్లు ముంచుకు తినడం ఒక్కటే ఇష్టం. నాన్న పని నుంచి వచ్చాక అందరం కింద కూర్చుని తినేవాళ్లం. అమ్మ, నాన్న, నానమ్మ, అందరి కళ్లూ నా నోటి మీదే. మొదట బుజ్జగింపులు, తర్వాత బెదిరింపులు. చివరికి నాన్న కసిరితే నేను ఏడుపు, నన్ను చూసి తమ్ముడు ఏడుపు. అమ్మ తన కంచం ముట్టకుండానే లేచిపోయేది. ఎముకలు తేలిన నా భుజాలు తడిమి, "గీ పిల్ల నాకు దక్కుతదా?" అని గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకునేది.

అలాంటి ఒక సాయంత్రం పెద్దమ్మ ఎదురింట్లోంచి కేకేసింది.

"ఏందే, రోజూ గీ లొల్లి? పిల్లను జర నా దిక్కు తోలు. పనున్నది."

తినిపిస్తుందేమోనని పళ్లు బిగించుకునే వెళ్లాను. ఆమె అన్నం మాటే ఎత్తలేదు. గరిటెతో నా అరచేతిలో ఒక బొట్టు పప్పు వేసి, "ఉప్పు సూడు బిడ్డా, నాకు తెలుస్త లేదు" అని తన పొయ్యి వైపు తిరిగిపోయింది. నాకి చూశాను. చప్పగా ఉంది. ఆ మాటే చెబితే ఉప్పు డబ్బా నా చేతికే ఇచ్చింది. చిటికెడు వేశాను, మళ్లీ చూశాను, ఇంకాస్త వేశాను. అప్పుడు తన అరచేతిలో వేసుకుని నాకి, కళ్లు మూసుకుని, "గిప్పుడు కుదిరింది" అంది.

ఇక ఆ రెండిళ్లలో ఉప్పు చూసే ఉద్యోగం నాదే. వంకాయ కూడా చూడాల్సి వచ్చేది. చూడకుండా ఎలా చెబుతాను? ఉప్పు నేను సరిచేశాను కనుక ఆ కూర నాది, దానికి ఎవరైనా వంక పెడితే ఊరుకునేదాన్ని కాదు. నాన్న కావాలనే "కూర చప్పగున్నట్టుందే" అనేవాడు. నేను రోషంగా ఇంత వేసుకుని తిని చూపించేదాన్ని. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

అమ్మకు మాత్రం పెద్దమ్మ గట్టిగా చెప్పింది: "తినే పిల్ల నోట్లెకు సూడకు. నీ కంచంల నువ్వు సూస్కో." మెల్లగా అమ్మ కూడా మాతోపాటు కడుపునిండా తినడం మొదలుపెట్టింది. ఆ రుణం నేనెప్పటికీ మరిచిపోలేను.

ఉల్లిపాయ మాత్రం నేను ఈనాటికీ తినను. "మనిషన్నంక వద్దనేది ఒక్కటన్న ఉండాలె" అంటూ నాకోసం ఏరి పక్కన పెట్టేది పెద్దమ్మ.

ఈ మధ్య ఆమె మంచాన పడింది. ఏది పెట్టినా తల తిప్పేసుకుంటోందని కోడలు దిగులుపడింది. నేను పప్పుచారు కాచి తీసుకెళ్లాను, ఉప్పు వేయకుండా. ఆమె అరచేతిలో బొట్టు వేసి, "పెద్దమ్మా, జర ఉప్పు సూడు" అన్నాను. నాలుకకు తాకించి నా మొహంలోకి చూసింది. ఒక్కసారిగా నవ్వింది.

"ఓ పిల్లా! నా ఉపాయం నా మీదనే నడిపిస్తున్నవా?"

నా చేత చిటికెడు ఉప్పు వేయించుకుని గిన్నెడూ తాగింది. నా కూతురి సంగతి అప్పుడే చెప్పుకున్నాను. అది నాకంటే పెంకిది. "ఎన్నిసార్లు డబ్బా చేతికిచ్చినా నువ్వే వేస్కో మమ్మీ అంటది, పెద్దమ్మా. దాని మీద నడుస్త లేదు."

"డబ్బా ఇచ్చి, తింటదా లేదా అని నోట్లెకే సూస్తవు గద. పిల్లలకు తెల్వదా?" అంది. మేం కలిసి మాట్లాడుకున్నది అదే ఆఖరు.

ఆదివారం అన్నీ ముగిశాక సాయంత్రం ఇంటికొచ్చి తలస్నానం చేశాను. మధ్యాహ్నం బయట కొన్న ఖమణ్ టిఫిన్‌తో సరిపెట్టుకున్నారట, మా ఆయన పొద్దుటి పప్పే వేడిచేసి వడ్డించాడు. కంచం ముందు కూర్చున్నానే గానీ నా ధ్యాసంతా లింబాయత్‌లోనే ఉంది.

"మమ్మీ! గిందుల నమకే లేదు" అంది నా కూతురు. ఫోన్ వచ్చిన కంగారులో నిజంగానే మరిచిపోయాను. నేను లేచేలోపే అది ఉప్పు డబ్బా తెచ్చింది. వేసింది, కలిపింది, నాకి చూసింది, ఇంకాస్త వేసింది. నా అరచేయి లాగి ఒక బొట్టు వేసి, "సూడు" అంది.

కళ్లు మూసుకున్నాను. "గిప్పుడు కుదిరింది" అన్నాను.

అది కంచం దగ్గరికి లాక్కుంది. నేను దాని నోటి వైపు చూడలేదు. నా అరచేతిలో మిగిలిన పసుపు మరకనే చూస్తూ కూర్చున్నాను.