చామంతి తోటకు ట్యూబులైట్లు

ఈ మధ్య మా పక్కింటి కోడలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అందులో కుండీ మొక్కల మీద గులాబీ రంగు వెలుతురు పడుతున్న ఎల్ఈడీ లైట్ల బొమ్మలు. హాల్లో మొక్కలు పెంచుతుందట. లైటు చవకగా ఉండాలి, కరెంటు తక్కువ కాలాలి, ఏది కొనమంటారు అని అడిగింది. బతుకంతా పూలు అమ్మినదాన్ని కదా, నాకు తెలుస్తుందనుకుంది. ఎంత ధర పెట్టాలో అడిగింది, ఎంత ఎత్తున కట్టాలో అడిగింది, ఏ వేళలో వెయ్యాలో మాత్రం అడగలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిజానికి ఆ పిల్ల తప్పేం లేదు. ఆ ఒక్క మాట అప్పట్లో మేమూ అడగలేదు. అడగనందుకు మా సంసారం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యేదాకా వచ్చింది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నల్గొండ ఊరి చివర కొంత భూమి కౌలుకు తీసుకుని మా ఆయన చామంతి వేసేవాడు. పూలు కోయడం, దండలు కట్టడం, బజారులో కూర్చోవడం నాదీ మా అత్తమ్మదీ. ఆ ఏడు పిలకలు తీసి, నల్ల కవర్లలో మట్టి నింపి నాటి, ఇక భూమిలోకి మార్చడమే తరువాయి అనుకుంటుండగా భూమిగల ఆసామి వచ్చాడు. భూమిని ప్లాట్లు చేస్తున్నానన్నాడు. మేం నోరు తెరిచేలోపే హద్దురాళ్లు పాతేశారు.

కేతేపల్లి దగ్గర ఇంకో ఆసామి మక్కజొన్న కోత కాగానే జాగా ఇస్తానన్నాడు. అందాకా మొక్కలు ఎక్కడ పెట్టాలి? మాది రెండు గదుల కిరాయి ఇల్లు. గడప దాటితే సందు, సందు నిండా మేకలు. పైగా ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు, చామంతి వేరుకు నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. వెతగ్గా వెతగ్గా మూతపడ్డ రైసుమిల్లు వెనక ఒక గోదాం దొరికింది. కప్పు గట్టిది, పక్కనే బోరింగు ఉంది. కానీ తలుపు ఒక్కటే, పైన ఎక్కడో చిన్న కిటికీ. తలుపు దగ్గరి వరసలు తప్ప మిగతావన్నీ పట్టపగలే చీకట్లో ఉండేవి. కొన్నాళ్లకే మొక్కలు పాలిపోయి, మెడలు సాగదీసి తలుపు వైపు వంగాయి.

"ఈసారి పూలు గిట్ల రాకుంటె నేను మేళ్లచెరువు పోత. దీపావళి దాంక చూస్త, ఇంకెంత గనం చూడాలె? రాళ్ల పనిల జేరుత" అన్నాడు మా ఆయన, అన్నం తింటూ.

మామూలుగానే అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా బాపు బతికింది ఆ సున్నపురాయి కొట్టే పనిలోనే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు తెల్లగా ఉండేవి. దగ్గీ దగ్గీ, చివరికి మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడక. అదంతా మా ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాడని కోపం వచ్చింది. వేరే దారి లేకనే అన్నాడని భయం వేసింది. ఆ ఏడు నాకు పూల మీద మోజు లేదు, లాభం మీద ఆశ లేదు. ఈ మనిషి ఆ దుమ్ములోకి పోకూడదు, అంతే.

మొక్కలకు లైట్లు పెడదామన్న ఆలోచన ఆయనదే. ఇద్దరం కలిసి బజారులో ఎలక్ట్రిక్ సామాను అమ్మే చాచా దగ్గరికి పోయాం. పెళ్లిళ్లకు లైట్లు కట్టేదీ ఆయనే.

"బల్బయితే చవక బిడ్డా. ఓల్టేజీ లేకున్నా ఎర్రగనన్న వెలుగుతది. గని కరెంటు బాగ తింటది. ట్యూబయితే చల్లగుంటది, కరెంటు తక్కువ తింటది. ఓల్టేజీ లేకుంటె మాత్రం కండ్లు కొడతది గంతే, వెలగదు."

"మరి మొక్కకేది మంచిది చాచా?" అన్నాను.

"గది నాకేమెరుక? నేను పెండ్లిండ్లకు లైట్లు గట్టెటోణ్ణి, చెట్లకు గట్టిన్నా ఎన్నడన్న?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. దుకాణంలో వెలుగుతున్న పెద్ద బల్బు కింద చెయ్యి పెట్టి చూశాను. కాసేపటికే అరచెయ్యి చురుక్కుమంది. నా చెయ్యికే ఇంత సెగ ఉంటే లేత ఆకు ఏమైపోవాలి? ట్యూబు కింద పెడితే చల్లగా ఉంది, వెలుతురు కూడా పగటి లాగా తెల్లగా ఉంది. ట్యూబులే తీసుకుందామన్నాను. కొత్తవి కొనే తాహతు లేక, పెళ్లిళ్లలో తిరిగొచ్చిన ట్యూబులు బిగించి ఉన్న పాత పట్టీలు కొన్ని బేరమాడి తెచ్చుకున్నాం.

మా ఆయన పనిమంతుడు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. గోడలు నల్లగా ఉంటే వెలుతురంతా గోడలే మింగేస్తాయని గోదాం అంతా తెల్లసున్నం కొట్టాడు. పట్టీలను సుతిలితో కట్టి, మొక్కకు జానెడు ఎత్తున వేలాడదీశాడు. మొక్క పెరిగినకొద్దీ తాడు పైకి లాగి ముడి వేసేవాడు. ఒక మూల మిల్లువాళ్ల పాత ఊక బస్తాల గుట్ట ఉండేది. దాని వెనక మిగిలిన జాగాలో కూడా ఒక ట్యూబు కట్టాడు.

అయితే చాచా చెప్పినట్టే అయింది. పగలు వేస్తే ట్యూబులు మినుకు మినుకుమనడమే కానీ వెలగవు. సాయంత్రమైతే ఇంకా అధ్వాన్నం, ఊరంతా ఒకేసారి స్విచ్చులు వేస్తుంది కదా. ఊరు పడుకున్నాక ఓల్టేజీ పెరిగి అన్నీ భగ్గున వెలిగేవి. కాబట్టి మా చామంతులకు పొద్దు పొడిచేది అర్ధరాత్రి. మా ఆయన గోదాంలోనే పడుకుని, లైట్లు వేసి, తెల్లవారాక ఆర్పి వచ్చేవాడు.

మా అత్తమ్మ ఒప్పుకోలేదు. పొద్దుగూకాక చెట్టును ముట్టుకోని తరం ఆమెది. మునగాకు కావాలన్నా వెలుగుండగానే తెంపి పెట్టుకునేది.

"చీకటి పడ్డంక ఆకు తెంపితెనే పాపమంటం. పండుకున్న చెట్టు మొఖాన గంత లైటు గొడతార్రా ఎవలన్న?"

"చెట్లకు నిద్రేందే అమ్మా? ఏమన్న గురక వెడుతున్నయా?" అన్నాడు మా ఆయన. నేనూ నవ్వాను.

నవ్వడానికి తగ్గట్టే మొక్కలు పెరిగాయి. వంగిన మెడలు నిలబడ్డాయి. ఆకులు మందంగా, ముదురాకుపచ్చగా తేలాయి. చూసినవాళ్ల కళ్లు పడేటట్టు ఉన్నాయని అత్తమ్మే ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. ఈలోగా కేతేపల్లి ఆసామి మక్క కోసి, జాగా తన అల్లుడికి ఇచ్చుకున్నాడు. పోతే పోనీ, గోదాంలోనే పూయిద్దాం అన్నాడు మా ఆయన. అప్పటికి ఆయనకంత ధైర్యం ఉండేది.

బతుకమ్మ వచ్చింది. బజారులో నా పక్కన కూర్చునే ఆమె తోట నిండా మొగ్గలేనట. మావి ఇంకా ఆకులే వేస్తున్నాయి. రోజూ పొద్దున్నే పోయి ఒక్కో కొనను వేళ్లతో విప్పి చూసేదాన్ని. ఆకు లోపల ఆకు, దాని లోపల ఇంకో ఆకు. మా ఆయన ఎరువు మార్చాడు. చాలక లైట్లు పొద్దెక్కినా ఆర్పకుండా ఉంచాడు. ఇంట్లో మాటలు తగ్గాయి. ఎవరో మేళ్లచెరువు మనిషి వచ్చి ఆయనతో వాకిట్లో మాట్లాడి పోయాడు. నన్ను చూసి గొంతు తగ్గించుకున్నారు. దాంతో నాకు అంతా తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే నేను ఊక బస్తాల వెనక్కి పోయాను. అక్కడి ట్యూబుకు చోకు కాలిపోయి చాలా రోజులైంది. తర్వాత మారుద్దామని వదిలేశాం, తర్వాత మరిచిపోయాం. బస్తాల మీదుగా నీళ్లు చల్లడమే తప్ప అటు తొంగి చూడలేదు. బస్తాల చాటు కాబట్టి మిగతా లైట్ల వెలుతురు కూడా అటు పడదు. కిటికీ ఎదురుగా ఉండడంతో పగలు కాస్త వెలుగు పడేది, అంతే. ఆ మొక్కలు చచ్చిపోయి ఉంటాయనుకున్నాను. బక్కచిక్కి, పాలిపోయి ఉన్నాయి కానీ బతికే ఉన్నాయి. కొన మీద చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. మిరియం గింజంత మొగ్గ. పక్క దానికీ ఉంది. ఆ పక్క దానికీ ఉంది.

పరుగెత్తి ఆయనను పిలుచుకొచ్చాను. చూసి ఆయన మొహం ఇంకా పాలిపోయింది.

"సచ్చే చెట్టే ఆఖరికి పూస్తదే. ఎండిపోయే మామిడిని జూడలేదా, ఒళ్లంత పూత వెట్టి పోతది. ఇవి పోతున్నయి. ముందుగాల వీటిని లైటు కిందికి జరపాలె" అని రెండు కవర్లు ఎత్తాడు.

"జరపకు! చీకట్లున్నయి కాబట్టే మొగ్గేసినయి. లైట్లు బంద్ జెయ్" అన్నాను.

"బంద్ జేస్తె అన్నీ గిట్లనే పీనుగులైతయి. నీకేం దెలుసు?"

నిజంగానే నాకేం తెలుసు? ఆయన చెప్పినదీ అబద్ధం కాదు, ఎండే మామిడి పూయడం నేనూ చూశాను. ఒకే మొగ్గను చూసి ఆయనకు చావు కనిపించింది, నాకు పండగ కనిపించింది. నాది తప్పయితే పచ్చగా ఉన్న తోటంతా నా చేతులతో చంపినట్టే, ఆయనను నేనే బస్సెక్కించినట్టే. ఆ రాత్రి కూడా ఆయన లైట్లు వేశాడు. మర్నాడు పొద్దున చెప్పకుండా మేళ్లచెరువు పోయాడు.

ఆయన అటు పోగానే నేను స్టూలెక్కి ప్రతి పట్టీ నుంచీ స్టార్టరు తిప్పి తీసేశాను. అన్నింటినీ కొంగున మూట కట్టి నడుముకు దోపుకున్నాను. సాయంత్రం ఆయన తిరిగొచ్చి, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారని చెప్పి, గోదాంకు పోయి స్విచ్చు వేశాడు. ఒక్క ట్యూబు కూడా మినుకుమనలేదు, పైకి చూస్తే స్టార్టర్లు లేవు. సందు మొదటి నుంచే అరుస్తూ ఇంటికి వచ్చాడు.

"స్టార్టర్లేవి?"

"నా దగ్గరున్నయి."

"ఇటియ్యి."

ఇవ్వలేదు. మా పెళ్లయ్యాక ఆయన నా మీదికి అట్లా రావడం అదే మొదలు. చెయ్యి లేపలేదు కానీ, లేస్తుందేమోనని నాకు అనిపించింది. అప్పుడు మా అత్తమ్మ పొయ్యి దగ్గరి నుంచి, కొడుకు వైపు చూడకుండానే, "ఇయ్యకు పిల్లా" అంది. ఇద్దరం ఆమె వైపు చూశాం. కోడలి పక్షాన ఆమె మాట్లాడ్డం నేను అంతకు ముందు వినలేదు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు. దీపావళి దాకా ఆగకుండా సోమవారమే బస్సెక్కాడు.

వానలు తగ్గాయి. అత్తమ్మ ఒక్కతే బజారుకు పోయేది, వేరేవాళ్ల దగ్గర కొన్న పూలు అమ్మేది. నేను పొద్దున్నే కవర్లన్నీ మోసి మిల్లు వాకిట్లో ఎండకు పెట్టి, మేకలను అదిలిస్తూ కాపలా కూర్చునేదాన్ని. పొద్దు గూకగానే మళ్లీ లోపలికి మోసి తలుపు వేసేదాన్ని. కొన్ని మొక్కల కింది ఆకులు రాలాయి. రాలిన ప్రతి ఆకూ నన్ను తిడుతున్నట్టే ఉండేది. దీపావళి మా ఇంట్లో పూలు లేకుండానే వెళ్లింది. మధ్యలో ఒకసారి ఆయన వచ్చి బట్టలు తీసుకుపోయాడు. గోదాం వైపు రాలేదు, మొక్కల ఊసు ఎత్తలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికే కొనలన్నీ గట్టిపడ్డాయి. కానీ పూయకముందే చెప్తే మళ్లీ చావు పూత అంటాడని రోషం.

చాలా ఏళ్ల తర్వాత రేడియోలో వ్యవసాయం చెప్పేవాళ్ల నోట విన్నాను, చామంతికి రాత్రి పొడుగ్గా ఉంటేనే మొగ్గ వేస్తుందట, నడిరాత్రి లైటు పడితే ఇంకా రాత్రి రాలేదనుకుని ఆకులే వేస్తూ పోతుందట. మా ఊరి ఓల్టేజీ మాతో సరిగ్గా ఆ వేళకే లైట్లు వేయించింది.

మార్గశిరంలో, పెళ్లిళ్లు మొదలైన వారంలో, అన్నీ విచ్చుకున్నాయి. పూలు చిన్నవే కానీ గోదాం నిండా పసుపు. తలుపు తీస్తే వాసన మీద పడేది. చామంతి వాసన తెలుసు కదా, ఘాటుగా, కొంచెం చేదుగా ఉంటుంది. ఆ వాసనకు మిల్లు గేటు దగ్గర పోయేవాళ్లు కూడా ఆగి లోపలికి తొంగి చూసేవారు. ఆయనకు కబురు పంపాను. పూలు పూశాయని చెప్పించలేదు, జర రమ్మన్నానని మాత్రం చెప్పించాను.

సెలవు రోజున వచ్చాడు. చెయ్యి పట్టుకుని గోదాంకు తీసుకుపోయి తలుపు తీశాను. గడప మీదే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను లేనప్పుడే పూసినయి" అన్నాడు, నవ్వబోతూ.

నాకు గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి. ఆయన నోటి నుంచి ఒక్క మంచి మాట రావాలని ఉంది. "వాసన జూసినవా ఎట్లున్నదో" అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఒక పువ్వు తెంపి ముక్కుకు ఆనించుకున్నాడు.

"ఏం వాసన?" అన్నాడు.

మా బాపుకు కూడా దగ్గు కంటే ముందు పోయింది ఇదే. అన్నం మాడిపోతున్నా పొయ్యి పక్కనే కూర్చుని తెలియక ఉండిపోయేవాడు, మేం పిల్లలం నవ్వేవాళ్లం. ఈయన వెంట్రుకల మొదట్లో, చెవుల మడతల్లో తెల్లటి దుమ్ము అప్పుడు కనిపించింది నాకు. పట్టుకుని ఏడ్చాను. "నువ్వు ఇగ పోవద్దు. పూలు ఒచ్చినా పోవద్దు, రాకున్నా పోవద్దు. నాకు నువ్వు గావాలె" అన్నాను. అట్లాంటి మాట నేను ఆయనతో అంతకు ముందెప్పుడూ అనలేదు.

ఆయన గడప మీద కూర్చుని, బుట్ట ముందుకు లాక్కుని పూలు తెంపడం మొదలుపెట్టాడు. సోమవారం బస్సెక్కలేదు. రోజూ పొద్దున ఒక పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు, నేను ఆయన మొహం చూసేదాన్ని, తల అడ్డంగా ఊపేవాడు. ఆయనకు వాసన తిరిగి వచ్చేసరికి గోదాంలో అమ్మడానికి ఒక్క పువ్వు కూడా మిగల్లేదు.