భాగం పోని ఫోన్ నంబరు

కైకలూరు గంగాధరరావుగారికి చేపల మీద కన్నా అంకెల మీద నమ్మకం ఎక్కువ. తండ్రి పోయాక యాభై ఎకరాల చెరువునూ పెద్దకొడుకుగా ఆయనే చేయిస్తున్నారు. తమ్ముళ్లు వీర్రాజు, తాతాజీ భాగాలు అడిగినప్పుడల్లా, "ఈసారి చేపల పట్టుబడి అవ్వనివ్వండ్రా, చూద్దాం" అనేవారు.

ఏలూరులో జాతకాలు చెప్పే ఒకాయన మాట విని, ఎక్కడెక్కడో వెతికించి ఒక ఫోన్ నంబరు కొన్నారు. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె అందులో ఒక్కసారే వస్తుంది. అన్నీ కూడితే నలభై అయిదు, అంటే తొమ్మిది. తొమ్మిదికి తిరుగులేదట.

ఓ ఆదివారం హైస్కూలు లెక్కల టీచరు ఎలిజబెత్‌గారు ప్రార్థన అయ్యాక చేపల కోసం వస్తే, ఆ నంబరు గొప్పగా చూపించారు.

"భలే నంబరండీ! ఈ పది అంకెల్నీ ఎటు తిప్పి రాసినా తొమ్మిదితో భాగం పోతుంది. తొమ్మిదితో పోయిందంటే మూడుతోనూ పోయినట్టేనండి" అన్నారావిడ.

"మూడుతోనా?"

"ఏమీ మిగలకుండానండి."

గంగాధరరావుగారి మొహం మాడిపోయింది. అన్నదమ్ములు ముగ్గురు. పంపకానికి తనే ముహూర్తం పెట్టించుకున్నట్టయింది.

"ఏవండీ టీచరుగారూ, దేనితోనూ భాగం పోని నంబరు ఉంటుందాండీ?"

అంత సర్వీసులో ఆ ప్రశ్న ఎలిజబెత్‌గారిని తమంతట తాముగా ఎవరూ అడగలేదు. ఆవిడకి చేపల సంగతే గుర్తులేకుండా పోయింది.

"ప్రధాన సంఖ్య అంటారండి. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదు."

మర్నాడే ఇద్దరూ ఫోన్ల షాపుకెళ్లారు. సరిసంఖ్యలు తీసేశారు, అయిదుతో ముగిసేవి తీసేశారు. మిగిలినవాటిని టీచరుగారు కంప్యూటర్లో వేసి చూశారు. ఒకటి ఏడుతో పోయింది, ఇంకోటి పదమూడుతో పోయింది. చివరికి దేనికీ లొంగనిది ఒకటి దొరికింది.

గంగాధరరావుగారు పాతది తీసేసి కొత్తది వేశారు. ఆ రోజు నుంచీ తమ్ముళ్ల ఫోన్ లేదు. "చూశారా మహత్యం!" అని టీచరుగారికి కబురు పెట్టారు. కొత్త నంబరు తమ్ముళ్లకి ఇవ్వలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఇవ్వనిది తమ్ముళ్లకే కాదు. చేపల వ్యాపారులకీ, ఐస్ ఫ్యాక్టరీకీ కూడా. పట్టుబడినాడు చేప గట్టు మీద ఉంది, లారీ మాత్రం రాలేదు.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవడం లేదని తమ్ముళ్లు సర్వేయర్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. చెరువులో రెండు కొత్త గట్లు పడ్డాయి.

"మీ సంఖ్య పనిచెయ్యలేదండీ" అన్నారు గంగాధరరావుగారు నిష్ఠూరంగా.

"సంఖ్య ఇప్పటికీ భాగం పోలేదండి, కావాలంటే చూసుకోండి" అన్నారు ఎలిజబెత్‌గారు. ఆవిడకి అందులో నవ్వాల్సిందేమీ కనబడలేదు.

ఆ వారంలోనే వీర్రాజు ఆవిడ ఇంటికొచ్చాడు.

"నాకు ఇద్దరు కొడుకులండీ. రెండుతో పోకపోతే చాలు. చూసి పెడతారా?"