వీరయ్యకు వచ్చిన డ్రిప్పు

ఫిల్మ్‌నగర్ బస్తీలో 'రైతు నర్సయ్య' ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా వేలుపెట్టి చూపిస్తారు. 'బాలనర్సయ్య' అంటే మాత్రం కాసేపు బుర్ర గోక్కుంటారు. జూనియర్ ఆర్టిస్టుగా పాతికేళ్లు చేసిన మనిషి, ఆ పాతికేళ్లలో చాలావరకు రైతు వేషమే. హీరో ఊళ్లోకి దిగగానే చేతులు జోడించే గుంపులో ముందు వరస అతనిది. విలన్ పొలం లాక్కుంటుంటే పిడికిట్లో మట్టి పట్టుకుని కూలబడేదీ అతనే. "నీ మొహంలోనే కరువుందయ్యా" అని ఒక పెద్ద దర్శకుడు అన్నాడొకసారి. అది మెచ్చుకోలు మాటేనని బాలనర్సయ్య ఇప్పటికీ నమ్ముతాడు.

ఇండస్ట్రీలో ఎవరికీ తెలియని సంగతి ఏమిటంటే, అతను నిజంగానే రైతు. నల్గొండ వైపు తండ్రి ఇచ్చిన ఎకరం పది గుంటలు ఉంది. అందులో నూట ఇరవై బత్తాయి చెట్లున్నాయి. వేషాల మీద వచ్చిన ప్రతి రూపాయీ అయిదేళ్లుగా ఆ మొదళ్లలోనే పోశాడు. భార్య మంజులత తోటలోనే రేకుల గది వేసుకుని ఉంటుంది, అతను షూటింగులు లేని రోజుల్లో బస్సెక్కి పోతాడు. ఈ ఏడు మొదటి కాపు రావాలి. వచ్చేదే, బోరు గనక మాట మీద నిలబడి ఉంటే.

మార్చి నాటికి బోరు ధార చిటికెన వేలంత అయింది. ఇంకో బోరు వేద్దామంటే, ఆ ఊళ్లో భూగర్భ జలం మరీ అడుగంటింది కాబట్టి కొత్త బోర్లకు అనుమతి లేదన్నారు. మంచి నిబంధనే, కాదనడానికి లేదు. కాకపోతే అదే వారంలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముందు బోరు లారీ రెండు రోజులు గడగడలాడింది. లాన్ పచ్చదనం తగ్గిందట. అక్కడి గడ్డి కింద భూగర్భం వేరే కాబోలు, ఏ అధికారీ ఆ వైపు తొంగిచూడలేదు.

ఇక మిగిలింది డ్రిప్పు. చెట్టు మొదట్లో చుక్కా చుక్కా పడేలా పైపులు వేస్తే ఉన్న కాస్త నీళ్లతోనే తోట గట్టెక్కుతుంది. ఖర్చులో ఎక్కువ భాగం సర్కారే భరిస్తుంది. ఈ పథకం గురించి బాలనర్సయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాష్ట్రానికంతటికీ చెప్పింది అతనే.

మూడేళ్ల కిందట విహారి అనే యాడ్ డైరెక్టరు ఆ పథకానికి ప్రకటన తీశాడు. జూబ్లీహిల్స్‌లో ఒకరి బంగళా పెరట్లో మామిడిచెట్ల మధ్య బాలనర్సయ్యకు తలపాగా చుట్టి నిలబెట్టాడు. "నా పేరు వీరయ్య అండి. సర్కారు డ్రిప్పు ఇచ్చాక నా తోటకు నీళ్ల కరువు లేదండి" అన్నది డైలాగు. "నల్గొండ రైతు 'అండి' అనడు సార్" అని బాలనర్సయ్య నసిగాడు. "అంటాడు నర్సయ్య గారూ, డ్రిప్పు వచ్చాక అంటాడు" అన్నాడు విహారి. అందరూ నవ్వారు, షాటు ఓకే అయింది. ఆ నవ్వు మొహం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పెద్ద బోర్డు మీదికెక్కి రెండు వానాకాలాలు తడిసింది.

ఆ పథకానికే ఇప్పుడు తన సొంత పేరుతో దరఖాస్తు పెట్టాడు. పాస్‌పుస్తకం, ఆధార్, తోటలో నిలబడి దిగిన ఫొటో, అన్నీ ఇచ్చాడు. పది రోజుల తర్వాత మండలంలోని ఉద్యానవన ఆఫీసుకు రమ్మన్నారు. అక్కడ మైత్రేయి అనే కుర్ర అధికారిణి ఉంది. మర్యాదస్తురాలు, కుర్చీ వేయించింది, మంచినీళ్లిప్పించింది. ఆ తర్వాత కంప్యూటర్ స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"మీ ఫొటో మ్యాచ్ అవుతోందండీ. మీకు ఆల్రెడీ డ్రిప్పు శాంక్షన్ అయింది."

"నాకా? ఎప్పుడు మేడం?"

"మూడేళ్ల కింద. వీరయ్య పేరుతో. మా ఆదర్శ రైతుల పుస్తకంలో కూడా ఉన్నారు, చూడండి." పుస్తకం తీసి చూపించింది. పదకొండో పేజీలో బాలనర్సయ్య తలపాగా చుట్టుకుని మామిడికొమ్మ పట్టుకుని నవ్వుతున్నాడు. కింద రెండు పేరాల విజయగాథ ఉంది. వీరయ్యకు ఇద్దరు పిల్లలున్నారు, ఇద్దరూ డ్రిప్పు పుణ్యాన ఇంజనీరింగ్ చదువుతున్నారు.

"గాయన నేనే మేడం. కానీ వీరయ్య లేడు. అది యాక్టింగు."

మైత్రేయికి అర్థమైంది. అర్థం కావడం వేరు, కంప్యూటర్‌కు అర్థం చేయించడం వేరు. "ఒకే మొహానికి రెండు పేర్లుంటే సిస్టం తీసుకోదండీ. వీరయ్య అనే రైతు లేడని పై ఆఫీసు నుంచి లెటర్ తెచ్చుకోండి, నేనే దగ్గరుండి చేయిస్తాను" అంది. పాపం, మనస్ఫూర్తిగానే అంది.

పై ఆఫీసు హైదరాబాద్‌లోనే. బాలనర్సయ్య నాలుగుసార్లు తిరిగాడు. నాలుగోసారి ఒక పెద్దాయన ఫైలు మూసి నింపాదిగా అన్నాడు: "వీరయ్య లేడని రాయమంటావా? మరి పుస్తకంలో ఉన్నాడు కదయ్యా. ఆ పుస్తకం పెద్దల చేతుల మీదుగా విడుదలైంది. లేని రైతును పెద్దల చేత విడుదల చేయించామని నేను సంతకం పెట్టాలా?"

"మరి ఉన్నోణ్ని నేనున్న కద సార్?"

"నువ్వుంటే మాకేం అభ్యంతరం లేదు. ఉండు" అన్నాడాయన.

ఆ మాటకు బాలనర్సయ్యకు కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. తలపాగా చుట్టుకుని నవ్వింది తనే, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ నవ్వుకు తీసుకున్న డబ్బుతోనే అప్పుడు పాతిక మొక్కలు కొన్నాడు.

ఆఖరికి జూబ్లీహిల్స్‌లోని విహారి ఆఫీసు మెట్లెక్కాడు. "నేను ఆర్టిస్టునని ఒక ముక్క రాసియ్యి సార్. ఎండిపోతున్న నా తోట బతుకుతది" అని అడిగాడు.

విహారి చాలా బాధపడ్డాడు. కాఫీ తెప్పించాడు. "రాసిస్తే ఇంక వాళ్లు నాకు ఒక్క యాడ్ ఇస్తారా నర్సయ్య గారూ? మీరే చెప్పండి" అన్నాడు. తర్వాత కళ్లు మెరిశాయి. "అవునూ, తోట ఎండిపోయిందన్నారు కదా? బాగా ఎండిందా?"

"ఆకులు ముడుచుకున్నయి సార్."

"అబ్బ! నాకు అలాంటిదే కావాలండీ. వీరయ్య పార్ట్ టూ ఓకే అయింది. మొదట ఎండిన తోట, తర్వాత డ్రిప్పు. సిటీ చుట్టుపక్కల ఎక్కడ చూసినా లాన్లే, ఎండిన తోట దొరక్క చస్తున్నాను."

బాలనర్సయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. "లొకేషన్ కిరాయి వద్దు సార్. పైపులు ఉంచిపోండ్రి" అన్నాడు.

"పైపులు కంపెనీవి, సాయంత్రానికి తిరిగిచ్చేయాలి. కిరాయి తీసుకోండి, మొహమాటపడకండి" అన్నాడు విహారి.

మే మొదటి వారంలో తోటలోకి రెండు వ్యాన్లు, మూడు నీళ్ల ట్యాంకర్లు దిగాయి. పొద్దున్నే ఎండిన తోట దృశ్యాలు తీశారు. అందులో బాలనర్సయ్య నటించాల్సిన పనేమీ పడలేదు. భోజనాలయ్యాక నల్ల పైపులు చెట్ల వరసల వెంట పరిచి ట్యాంకర్‌కు తగిలించారు. అరగంట బుసకొట్టి, గాలి వదిలి, పైపులు చుక్కలు రాల్చడం మొదలుపెట్టాయి. మధ్యలో ఆపితే మళ్లీ గాలి చేరి అరగంట పడుతుంది కాబట్టి, షాటు ఓకే అయ్యేదాకా ఆపొద్దని విహారి చెప్పాడు.

మంజులత మొదటి చెట్టు దగ్గర చతికిలబడి తడిసిన మట్టి మీద అరచెయ్యి పెట్టింది. అలాగే ఉండిపోయింది. కెమెరాలో పడుతోందని ఎవరో అరిస్తే లేచి వెనక్కి పోయింది.

"యాక్షన్!"

"నా పేరు బాలనర్సయ్య అండి" అన్నాడు బాలనర్సయ్య.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మొదటిసారి నోరు జారిందన్నది నిజం. పాతికేళ్లలో ఏ డైరెక్టరు చేతా రెండో టేకు చెప్పించుకోని మనిషి. చెంపలు వేసుకుని మళ్లీ నిలబడబోతూ కిందికి చూశాడు. చెట్ల మొదళ్లలో పళ్లెమంత తడి పరుచుకుంది. ఇంకాస్త ఆగితే వేళ్లకు దిగుతుంది.

రెండో టేకులోనూ 'బాలనర్సయ్య' అనే అన్నాడు. మూడో టేకులో పేరు సరిగ్గా చెప్పి సర్కారును మర్చిపోయాడు. ఆరో టేకులో దగ్గొచ్చింది. తొమ్మిదోసారి తలపాగా ఊడింది. మొదటి ట్యాంకర్ అయిపోతే రెండోది తగిలించారు. "ఏంటి నర్సయ్య గారూ, ఒంట్లో బాలేదా?" అని విహారి గొడుగు పట్టించాడు, నిమ్మరసం ఇప్పించాడు. "ఏమో సార్, వయసు మీద పడ్డది. నా పేరే నోటికొస్తున్నది. జర మాఫ్ చెయ్యి, ఇంకొక్కటి" అని బతిమాలాడు. పొద్దున్నుంచి అతను చేసిన నటన ఏదైనా ఉంటే అది అదే.

కెమెరా వెనక నుంచి మంజులత చూస్తోంది. నాలుగో టేకుకే ఆమెకు సంగతి తెలిసిపోయింది. చివరి వరస చెట్లకు తడి ఇంకా చాల్లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను పదిహేడో టేకులోనూ 'బాలనర్సయ్య' అనే అన్నాడు.

పొద్దు వాలుతుండగా మూడో ట్యాంకర్ గుడగుడమని ఖాళీ అయింది. పైపుల నోళ్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. "వెలుతురు పోతోంది, ఇదే ఆఖరు, నా పరువు కాపాడండి" అని విహారి దణ్ణం పెట్టాడు.

బాలనర్సయ్య మంజులత వైపు చూశాడు. ఆమె చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా బురదగా ఉన్నాయి. ఇక చాలన్నట్టు తలూపింది. ఈ తడి పది రోజులు నిలుస్తుంది. వానలకు ఇంకా నెల ఉంది.

అతను తలపాగా సర్దుకుని, కెమెరాలోకి చూసి, నవ్వి, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పాడు.

"నా పేరు వీరయ్య అండి. సర్కారు డ్రిప్పు ఇచ్చాక నా తోటకు నీళ్ల కరువు లేదండి."

అందరూ చప్పట్లు కొట్టారు. కుర్రాళ్లు పైపులు చుట్టడం మొదలుపెట్టారు.